క్వెస్టులా, గ్రైండింగా: వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్‌లో 60వ లెవెల్ దాకా

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో ఒకటో లెవెల్ నుంచి రెండో లెవెల్‌కు వెళ్లడానికి 400 ఎక్స్‌పీ, అంటే అనుభవ పాయింట్లు, కావాలి. ఒకటో లెవెల్ మాబ్‌ను, అంటే ఆట మన ముందు పెట్టే శత్రు జీవిని, చంపితే 50 వస్తుంది కాబట్టి ఎనిమిదింటిని చంపితే పని అయిపోతుంది. పదో లెవెల్‌లో 7,600 కావాలి. మాబ్‌కు 95 చొప్పున 80 మాబ్‌లు. 59వ లెవెల్‌కు వచ్చేసరికి కావలసినది 2,09,800, మనతో సమానమైన మాబ్ ఇచ్చేది 340. అంటే దాదాపు 617 మాబ్‌లన్నమాట. ఎనిమిది, ఎనభై, ఆరు వందల పదిహేడు: ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూసుకున్న తర్వాతే ఈ ఆటలోకి అడుగు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ 617ను ఎలా దాటాలన్నదే ఇక్కడి అసలు ప్రశ్న. ఊళ్లో వాళ్లు చెప్పిన పనులన్నీ చేసుకుంటూ క్వెస్టుల మీద వెళ్లడమా, లేక ఒక మంచి చోటు చూసుకుని మాబ్‌లను వరసగా చంపుకుంటూ గ్రైండింగ్ మీద వెళ్లడమా అని ఆడేవాళ్లు ఈ ఆట పుట్టినప్పటి నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు.

ఈ సమీక్ష ఆ దారి గురించి మాత్రమే. 60కి చేరాక మొదలయ్యే రెయిడ్ల, అంటే పెద్ద జట్టుగా చేసే దాడుల, జోలికి నేను పోవడం లేదు. ఈ ఆటలో రెండు పాత్రలను నేను చివరిదాకా తీసుకువెళ్లాను. మొదటిది ఓర్క్ జాతి వారియర్, అంటే కత్తి పట్టి దగ్గరగా పోరాడే యోధుడు. క్వెస్టు దొరికినంతవరకు క్వెస్టే చేయాలన్న నియమంతో నడిపాను. రెండోది ట్రోల్ జాతి హంటర్, అంటే పెంపుడు జంతువుతో తిరిగే విలుకాడు. 20 దాటిన తర్వాత అది ఊరి ముఖం చూసింది తక్కువ, మాబ్‌ల మధ్య నిలబడి బాణాలు వేసిందే ఎక్కువ. పాత్ర మొత్తం ఎంత కాలం ఆటలో గడిపిందో చెప్పే ‘ప్లేడ్’ కమాండ్ ఇస్తే వారియర్‌కు 9 రోజుల 6 గంటలు, హంటర్‌కు 6 రోజుల 19 గంటలు చూపించింది. ఈ తేడాను చూసి గ్రైండింగే మేలని తీర్పు చెప్పేస్తే తొందరపాటు అవుతుంది. హంటర్ ఏ దారిన వెళ్లినా వారియర్ కంటే ముందే చేరుతుంది, పైగా రెండోసారి నడిచేవాడికి దారిలోని గుంటలన్నీ తెలిసే ఉంటాయి. క్లాసిక్‌ను విడిగా కొనవలసిన పని లేదు, ప్రధాన ఆటకు నెల చందా కడితే ఇదీ అందులోనే వస్తుంది. నెల చందా మీద నడిచే ఆట దారిని ఇంత పొడుగ్గా వేసిందంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఈ ఆట మొదట 2004 నవంబరు 23న విడుదలైంది; దాని పాత రూపం క్లాసిక్ పేరుతో 2019 ఆగస్టు నెలాఖరున మళ్లీ తెరుచుకుంది. దానికి ముందు తరం ఆటల్లో, ముఖ్యంగా 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో, పేరులో క్వెస్టు ఉన్నప్పటికీ లెవెల్ పెరిగేది మాత్రం నలుగురైదుగురు కలిసి ఒక చోట తిష్ఠ వేసి, పుట్టిన మాబ్‌ను పుట్టినట్టే చంపడం వల్ల. చచ్చిపోతే అప్పటిదాకా కూడబెట్టిన ఎక్స్‌పీలో కొంత పోయేది కూడా. వార్‌క్రాఫ్ట్ రూపకర్తలు సైతం క్వెస్టులను తొలి లెవెళ్లలో దారి చూపడానికే వాడాలనుకున్నారట; అయితే పరీక్ష కోసం ఆడినవాళ్లు క్వెస్టులు అయిపోయిన చోటికి రాగానే ఆటలో పస లేదని చెప్పడంతో చివరిదాకా క్వెస్టులు రాయవలసి వచ్చిందని ఆ తర్వాత వారే చెప్పుకున్నారు. ఈ నేపథ్యం తెలిస్తే ఆటలో కనబడే ఒక విచిత్రానికి కారణం దొరుకుతుంది. మొదటి 20 లెవెళ్లలో క్వెస్టులు కుప్పలు తెప్పలుగా ఉంటాయి, 40 దాటేసరికి అవి పలచబడి, ఒక్కో ప్రాంతంలో నాలుగు చొప్పున విసిరేసినట్టు కనబడతాయి.

క్వెస్టు అంటే ఏమిటో దగ్గరగా చూడాలంటే బారెన్స్ కంటే మంచి చోటు లేదు. ఆటలోని రెండు పక్షాల్లో ఒకటైన హోర్డ్ వాళ్లు 10 నుంచి 25 లెవెల్ వరకు తిరుగాడే ఆ ఎండు మైదానం మధ్య క్రాస్‌రోడ్స్ అనే కూడలి ఉంది. అక్కడ సెర్‌గ్రా డార్క్‌థార్న్ అనే ఎన్‌పీసీ (ఆటే నడిపే పాత్ర) తల మీద క్వెస్టుకు గుర్తైన పసుపు రంగు ఆశ్చర్యార్థకంతో నిలబడి, నాలుగు జెవ్రా గిట్టలు తెచ్చిపెట్టమంటుంది. జెవ్రా చారల గుర్రం లాంటి జంతువు, నుదుటిమీద కొమ్ము ఉంటుంది. నాలుగు కాళ్ల జంతువు కాబట్టి ఒక్కటి పడితే చాలునని కొత్తవాడెవడైనా అనుకుంటాడు. మొదటి జెవ్రా దగ్గర గిట్ట దొరకలేదు. రెండోదాని దగ్గరా దొరకలేదు. ఐదోది ఒక్కటి ఇచ్చింది. నాలుగు గిట్టలూ చేతికి వచ్చేసరికి నేను 17 జెవ్రాలను పడగొట్టాను. 68 కాళ్లలో నాలుగింటికే గిట్టలున్నాయని సమాధానపడి కూడలికి తిరిగి వచ్చాను. అప్పుడు నా లెవెల్ 13, ఆ జెవ్రాలవీ ఇంచుమించు అంతే. ఒక్కోదానికి 110 చొప్పున 17 జెవ్రాల వల్ల నాకు 1,870 ఎక్స్‌పీ వచ్చింది. గిట్టలు అప్పగించినందుకు సెర్‌గ్రా ఇచ్చినది అంతకంటే తక్కువ.

ఈ లెక్క చేసుకున్న రోజునే క్వెస్టులు వేరు, గ్రైండింగ్ వేరు అన్న నా నమ్మకం సడలింది. నేను క్వెస్టు చేస్తున్నాననుకున్న ఆ అరగంటలో సంపాదనలో పెద్ద వాటా చంపడం వల్లనే వచ్చింది. క్వెస్టు దానికి ఒక కారణాన్ని, చివర్లో కొంత బహుమతిని కలిపింది. అయితే ఆ కారణానికి వెల లేదని కాదు. 17 జెవ్రాలను ఊరికే చంపమంటే నేను చంపేవాణ్ణి కాను. ప్రతిదాని దగ్గరా వంగి, ఈసారైనా గిట్ట ఉంటుందా అని చూసిన ఆ క్షణం ఉందే, అది జూదగాడి క్షణం. ఈ ఆట దాన్ని చాలా తెలివిగా వాడుకుంటుంది, కొన్నిచోట్ల మరీ నిర్మొహమాటంగా వాడుకుంటుంది.

క్వెస్టుల వైపు నిలబడి వాదించేవాళ్లు చెప్పని విషయం ఒకటుంది. అది నడక. డెసొలేస్ అనే ప్రాంతంలో హోర్డ్ వాళ్లకు ఉన్న ఒకే ఒక్క ఫ్లైట్ పాయింట్, అంటే ఎగిరి వేరే ఊరికి వెళ్లే చోటు, నైరుతి మూలన సముద్రపు ఒడ్డున షాడోప్రే విలేజ్‌లో ఉంటుంది. క్వెస్టులిచ్చే ఘోస్ట్ వాకర్ పోస్ట్ ఒక చోట, కోడో అనే జంతువు ఎముకలు అడిగే గుడిసె మరో చోట, ఆ ఎముకలు దొరికే శ్మశానం ఇంకో చోట. 40వ లెవెల్ దాకా స్వారీ జంతువు ఉండదు. హార్త్‌స్టోన్ అనే మంత్రపు రాయి గంటకు ఒక్కసారి మాత్రమే మనల్ని సత్రానికి చేరుస్తుంది. అక్కడ నా వారియర్ 33వ లెవెల్‌లో ఉండగా ఒక గంటసేపు గడియారం దగ్గర పెట్టుకుని ఆడాను. 26 నిమిషాలు నడకకు, 21 నిమిషాలు పోరాటానికి, 8 నిమిషాలు గాయాలు మానడానికి కూర్చుని తినడానికి, మిగిలిన 5 నిమిషాలు సంచులు సర్దుకోవడానికి, సరుకు అమ్ముకోవడానికి పోయాయి. ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగిన ఆ గంటలో కత్తి ఎత్తినది మూడో వంతు సమయం మాత్రమే. గ్రైండింగ్ చేసేవాడికి ఈ 26 నిమిషాల ఖర్చు ఉండదు. ఇద్దరి మధ్య అసలు తేడా ఇదే. బహుమతి ఎక్స్‌పీ కాదు.

అందువల్ల క్వెస్టులను ఒక్కొక్కటిగా చేసేవాడు నష్టపోతాడు. క్వెస్ట్ లాగ్‌లో 20 స్థానాలుంటాయి. ఒకే దిక్కుకు పంపే ఐదారు క్వెస్టులను పోగేసుకుని, ఒకే నడకలో అన్నిటినీ ముగించి, ఒకేసారి అప్పగించేవాడు ఆ నడక ఖర్చును ఐదారింటికి పంచుకుంటాడు. అలా కుదరని ఒంటరి క్వెస్టును, ముఖ్యంగా ఒక ఖండం నుంచి మరో ఖండానికి ఉత్తరం మోయమనే దాన్ని, మొహమాటం లేకుండా వదిలేయవచ్చు. ఈ విషయంలో ఆటే మనల్ని కొంత తొందరపెడుతుంది కూడా. క్వెస్టు లెవెల్‌ను మనం ఐదు లెవెళ్లకు మించి దాటిపోతే దాని బహుమతి తగ్గుతూ వస్తుంది, కాబట్టి తర్వాత చూద్దామని మూలన పెట్టిన క్వెస్టు చద్దిదవుతుంది.

క్వెస్టుల్లో నాకు నిజంగా నచ్చినది వాటి మాటలు. క్లాసిక్ మ్యాప్‌లో ఎక్కడికి వెళ్లాలో చూపే గుర్తు ఉండదు. ఆ సదుపాయం ప్రధాన ఆటలోకి 2009 డిసెంబరులో వచ్చిన 3.3 ప్యాచ్‌తో, అంటే మార్పుల విడతతో, చేరింది. ఇక్కడ మాత్రం క్వెస్టు ఇచ్చినవాడు దక్షిణం వైపు బాట పట్టి వెళ్లు, ఎముకలు కనబడిన చోట కుడికి తిరుగు అని చెబితే ఆ మాట విని వెళ్లవలసిందే. ఆటకు బయటి నుంచి తగిలించుకునే క్వెస్టీ అనే యాడ్‌ఆన్ పెట్టుకుంటే మ్యాప్ నిండా చుక్కలు వచ్చి పడతాయి, చదవవలసిన పని తప్పుతుంది. నేను వారియర్‌తో 30వ లెవెల్ దాకా యాడ్‌ఆన్ లేకుండా ఆడాను, ఆ తర్వాత ఓపిక చచ్చి పెట్టుకున్నాను. వేగం పెరిగింది, అయితే ఆ తర్వాత వెళ్లిన ప్రాంతాల పేర్లు నాకు ఇప్పుడు సరిగా గుర్తు రావు, బారెన్స్‌లో మాత్రం కళ్లకు గంతలు కట్టినా తిరగగలను.

నచ్చనివాటిలో మొదటిది స్ట్రాంగిల్‌థార్న్ అడవిలోని పేజీల క్వెస్టు. ఒక గ్రంథం తాలూకు చెల్లాచెదురైన పేజీలు ఆ ప్రాంతపు మాబ్‌ల దగ్గర ఒక్కొక్కటిగా దొరుకుతాయి. ఒక అధ్యాయానికి చెందిన పేజీలన్నీ చేరేదాకా ఒక్కో పేజీ సంచిలో ఒక్కో గడిని ఆక్రమించి కూర్చుంటుంది. వీపు సంచిలో ఉండేవి 16 గడులు. చర్మాలు, గుడ్డలు, తిండి, ఈ పేజీలు కలిసి పది నిమిషాలకోసారి సంచి నిండిపోవడం, ఏది పారేయాలో తెలియక అడవి మధ్య నిలబడిపోవడం అక్కడ తిరిగినవాళ్లందరికీ అనుభవమే. దీన్ని తయారుచేసిన జెఫ్ కాప్లన్ స్వయంగా 2009 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ఆటలోకెల్లా అధ్వానమైన క్వెస్టు ఇదేనని, అది తన చేతి పనేనని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు విన్నాక కోపం కొంత తగ్గింది గాని, సంచి మాత్రం ఖాళీ కాలేదు.

ఇక గ్రైండింగ్. గానుగెద్దు పని అని దీన్ని తీసిపారేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి, హంటర్‌తో ఫెల్‌వుడ్‌కు వెళ్లేదాకా. ఆ అడవి దక్షిణ భాగంలో డెడ్‌వుడ్ తెగకు చెందిన ఫర్‌బోల్గ్‌ల గ్రామం ఉంది. ఎలుగుబంటి మనిషైనట్టుండే ఆ మాబ్‌లు 48, 49 లెవెళ్లలో ఉంటాయి, గుడిసెల చుట్టూ ఒకటీ రెండుగా తిరుగుతుంటాయి. నా పని వరస ఇది: ఎంచుకున్నదాని మీద హంటర్స్ మార్క్ వేయడం, పెంపుడు పిల్లిని దాని మీదికి పంపడం, పిల్లి రెండు దెబ్బలు కొట్టేదాకా ఆగడం, ఆ తర్వాతే బాణం వదలడం. ఆగకుండా వేస్తే ఫర్‌బోల్గ్ పిల్లిని వదిలి నా మీదికి వస్తుంది. మరీ దగ్గరికి వచ్చిందా, బాణం వేయలేని, కత్తీ అందని ఇరుకు దూరంలో నేను కాళ్లు కట్టేసినట్టు నిలబడిపోవాలి. రెండు దెబ్బల పాటు ఆగడం నేర్చుకున్నాక గంటకు వంద దాకా పడేవి. 49వ లెవెల్‌లో మాబ్‌కు 290 చొప్పున గంటకు 29,000 ఎక్స్‌పీ వచ్చేది. చివరి గుడిసె దగ్గరికి చేరేసరికి మొదటి గుడిసె దగ్గర మళ్లీ పుట్టి ఉండేవి. మధ్యమధ్య పిల్లికి తిండి పెట్టాలి, లేకపోతే అది అలిగి సరిగా కొట్టదు. బాణాలు 200కు ఒక కట్ట. ఐదు కట్టలు అయిపోయాయంటే ఊరికి వెళ్లే వేళ అయిందని అర్థం.

ఇందులో విసుగు లేదని నేను అనను. రెండో గంటలో చేతులు వాటంతటవే పనిచేస్తుంటాయి, మనసు వేరే ఎక్కడో ఉంటుంది. అయితే క్వెస్టుల్లో నడుస్తున్నప్పుడు కలిగే విసుగుకూ దీనికీ తేడా ఉంది. నడకలో దారి మీద కన్ను వేసి ఉంచాలి, అయినా ఏమీ జరగదు. ఇక్కడ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, దాని మీద కన్ను వేయవలసిన పని తగ్గిపోతుంది. పనంతా అయ్యాక మాట్లాడుకునే స్నేహితుల గొంతులు చెవిలో వింటూ ఆడేవాడికి రెండోదే హాయి. కథ కోసం కూర్చున్నవాడికి ఇది శిక్షే.

ఆ గ్రామంలో నన్ను నాలుగు రోజులు నిలబెట్టినది మాత్రం ఎక్స్‌పీ కాదు. డెడ్‌వుడ్ తెగకు శత్రువులైన టింబర్‌మా ఫర్‌బోల్గ్‌లు ఫెల్‌వుడ్ ఉత్తర కొసన ఒక సొరంగాన్ని కాపలా కాస్తుంటారు. వింటర్‌స్ప్రింగ్ మంచు ప్రాంతానికీ, మూన్‌గ్లేడ్‌కూ ఆ సొరంగం గుండానే వెళ్లాలి. మొదట వాళ్లకు మనం శత్రువులమే, కనబడితే మీద పడతారు. డెడ్‌వుడ్ వాళ్లను చంపినకొద్దీ టింబర్‌మా దృష్టిలో మన పరపతి పెరుగుతుంది, ఒక మెట్టు ఎక్కేసరికి దారి ఇస్తారు. నాలుగో రోజు సాయంత్రం నా హంటర్ ఆ సొరంగంలోకి అడుగుపెట్టినప్పుడు ఇరువైపులా నిలబడ్డ కాపలావాళ్ల పేర్లు ఎరుపు రంగు పోయి నారింజ రంగులో కనిపించాయి, ఎవరూ కదలలేదు. తల మీద ఆశ్చర్యార్థకం ఉన్న ఎన్‌పీసీ ఎవరూ నన్ను ఆ పని చేయమని అడగలేదు, అప్పగించినందుకు బహుమతి పెట్టె తెరుచుకోలేదు. అయినా ఈ ఆటలో నేను చేసిన అన్ని క్వెస్టులకంటే నాకు గుర్తుండిపోయినది అదే.

ఎవరికి ఏ దారి అన్నదానికి నా జవాబు పాత్ర తరగతిని బట్టి ఉంటుంది, దానికి కారణం చాలా సులువు. సెర్‌గ్రా వారియర్‌కూ హంటర్‌కూ ఒకే బహుమతి ఇస్తుంది. జెవ్రా కూడా ఇద్దరికీ 110 ఎక్స్‌పీయే ఇస్తుంది గాని, వారియర్ దగ్గర దానికి ఎక్కువ ఖరీదు వసూలు చేస్తుంది. వారియర్ ఒక మాబ్‌ను చంపేసరికి ప్రాణం సగానికి వస్తుంది, కూర్చుని తినాలి. రెండు ఒకేసారి మీద పడితే చచ్చి, మళ్లీ లేవడానికి శ్మశానం నుంచి తన శవం దాకా పరుగే. అందుచేత నిదానంగా చంపేవాడికి చంపడంతో ముడిపడని ఎక్స్‌పీ, అంటే క్వెస్టు బహుమతి, ఎక్కువ విలువైనది. వేగంగా చంపేవాడికి నడకే దండగ. ఈ రెండో కొసన మంత్రగాళ్ల తరగతి అయిన మేజ్ ఉంటుంది: ఎనిమిది పది మాబ్‌లను వెంట తిప్పుకుని, ఫ్రాస్ట్ నోవాతో కాళ్లను నేలకు అతికించి, దూరం జరిగి బ్లిజార్డ్ కురిపించి అన్నిటినీ ఒకేసారి పడగొడుతుంది, తాగే నీళ్లు కూడా తానే పుట్టించుకుంటుంది. 2019 ఆగస్టులో క్లాసిక్ తెరిచినప్పుడు ప్రపంచంలో అందరికంటే ముందు, నాలుగు రోజులు తిరగకుండానే 60ని అందుకున్నది మేజ్ కావడంలో ఆశ్చర్యం లేదు. ఆ వారమే తొలి ప్రాంతాల్లో సొంత పేరున్న ఒకే ఒక్క మాబ్ కోసం ఆటగాళ్లు వరసలో నిలబడి వంతు కోసం ఎదురుచూడడం కూడా జరిగింది. క్వెస్టుల మీద వెళ్లేవాడు ఎప్పుడూ ఇంకొకడి వెనక నిలబడవలసి వస్తుందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

వారాంతాల్లో మాత్రమే ఆడేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. సత్రంలో లాగౌట్ చేసి వెళ్తే ప్రతి 8 గంటలకు లెవెల్‌లో 5 శాతం చొప్పున రెస్టెడ్ ఎక్స్‌పీ పోగవుతుంది, గరిష్ఠంగా ఒకటిన్నర లెవెల్ దాకా. అంటే పది రోజుల విశ్రాంతికి సరిపడా. అది ఉన్నంతసేపు మాబ్‌ను చంపితే రెట్టింపు వస్తుంది, మొదట చెప్పిన ఆ 340 కాస్తా 680 అవుతుంది. క్వెస్టు బహుమతికి మాత్రం ఈ రెట్టింపు వర్తించదు. కాబట్టి రోజూ ఐదారు గంటలు ఆడేవాడికీ, వారానికి ఐదారు గంటలు ఆడేవాడికీ ఒకే సలహా పనికిరాదు. రెండోవాడు దాదాపు ఎప్పుడూ రెస్టెడ్‌లోనే ఉంటాడు, అతనికి గ్రైండింగ్ విలువ రెట్టింపు. రెస్టెడ్ ఉన్నప్పుడు చంపే పనులు, అయిపోయాక మోసే పనులు పెట్టుకోవడం మంచి పద్ధతి. విడుదలకు ముందు పరీక్షగా ఆడించిన బీటా దశలో ఇదే ఏర్పాటు శిక్షగా ఉండేదట: ఎక్కువసేపు ఆడితే పాత్ర అలసిపోయి ఎక్స్‌పీ తగ్గేది. ఆడేవాళ్లు మండిపడితే రూపకర్తలు అదే లెక్కను తిరగేసి, తగ్గిన దాన్ని మామూలు అని, మామూలు దాన్ని బహుమానం అని పేరు మార్చారు. అంకెలు పెద్దగా మారకపోయినా గొడవ సద్దుమణిగింది. మనిషి స్వభావం మీద ఇంత చవకగా దొరికిన పాఠం ఇంకోటి ఉండదు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 40వ లెవెల్‌లో స్వారీ జంతువు కావాలంటే శిక్షణతో కలిపి సుమారు 100 బంగారు నాణేలు కావాలి. రెండు లెవెళ్లకోసారి కొత్త నైపుణ్యాలకు గురువుకు చెల్లిస్తూ, క్వెస్టులు మాత్రమే చేసుకుంటూ వచ్చిన నా వారియర్ దగ్గర 40వ లెవెల్ నాటికి 61 నాణేలున్నాయి. జంతువు ఎక్కినది 43లో. మూడు లెవెళ్లు, అదీ నడక దూరాలు పెరిగిన చోట, కాలినడకన. హంటర్ మాత్రం చంపిన ప్రతి జంతువు చర్మం ఒలిచి, గుడ్డలూ చర్మాలూ వేలంశాలలో అమ్ముకుంటూ వచ్చింది కాబట్టి 40లో అడుగుపెట్టిన రోజే ఎక్కింది. క్వెస్టులు ఎక్స్‌పీ ఇస్తాయి, గ్రైండింగ్ ఎక్స్‌పీతోపాటు జేబు కూడా నింపుతుంది. ఈ సంగతి ఆట ఎక్కడా చెప్పదు.

పోల్చి చూడడానికి ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే మరో ఆన్‌లైన్ ఆటను తీసుకుంటాను, ఎందుకంటే అది ఇదే ప్రశ్నకు పూర్తిగా భిన్నమైన జవాబిచ్చింది. అక్కడ ఒక నైపుణ్యాన్ని 99కి తీసుకువెళ్లడానికి 1,30,34,431 ఎక్స్‌పీ కావాలి, అందులో సగం 92వ లెవెల్‌కు చేరేసరికి మాత్రమే అవుతుంది. ఆ కొసన గ్రైండింగ్ తప్ప వేరే మార్గం లేదు. మొదట్లో మాత్రం క్వెస్టు రాజు. వాటర్‌ఫాల్ క్వెస్టు పూర్తిచేస్తే అటాక్, స్ట్రెంగ్త్ అనే యుద్ధ నైపుణ్యాలకు చెరో 13,750 ఎక్స్‌పీ వచ్చి రెండూ ఒకటి నుంచి నేరుగా 30కి ఎగబాకుతాయి. అదే పని కోళ్లను కొట్టి చేయాలనుకుంటే, కోడికి 12 ఎక్స్‌పీ చొప్పున దాదాపు 2,290 కోళ్లు కావాలి. ఆ క్వెస్టు చేయడానికి యుద్ధ నైపుణ్యం ఏదీ అవసరం లేదు. తాడు, కొంచెం తిండి, పెద్ద మాబ్‌ల పక్కనుంచి పరిగెత్తే ధైర్యం ఉంటే చాలు. అంటే అక్కడ క్వెస్టు గ్రైండింగ్‌ను తప్పిస్తుంది. క్లాసిక్‌లో క్వెస్టు గ్రైండింగ్‌ను తప్పించదు, దానికి బట్టలు తొడుగుతుంది. నిజాయితీ విషయంలో రూన్‌స్కేప్‌కే నా ఓటు. ఇది మెట్లు, ఇది మైదానం అని విడదీసి చూపిస్తుంది. అయితే అక్కడ ఒక ప్రాంతాన్ని బారెన్స్‌లాగా నెలల తరబడి నా ఊరనుకున్న సందర్భం లేదు.

2023 ఆగస్టులో వచ్చిన హార్డ్‌కోర్ సర్వర్లలో ఈ లెక్కంతా తారుమారవుతుంది. అక్కడ చావు ఒక్కసారే. పాత్ర పోతే పోయినట్టే. గంటకు ఎంత ఎక్స్‌పీ అన్న ప్రశ్న వెనక్కిపోయి, ఈ పని నాకు తెలిసినదేనా అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. మనకంటే రెండు మూడు లెవెళ్లు తక్కువున్న మాబ్‌లను, పారిపోయే దారి తెలిసిన చోట చంపుకోవడం అక్కడ పిరికితనం అనిపించుకోదు. ఎక్స్‌పీ కొంతే తగ్గుతుంది, ప్రమాదం సగానికి సగం తగ్గుతుంది. క్వెస్టులు మాత్రం మనల్ని గుహల్లోకి పంపుతాయి. నా మొదటి హార్డ్‌కోర్ వారియర్ 24వ లెవెల్‌లో ఒక గుహ చివర ఉన్న పెట్టె కోసం వెళ్లి, పెట్టె తెరుస్తుండగా వెనక దారిలో చంపివచ్చిన మాబ్‌లన్నీ తిరిగి పుట్టడంతో అక్కడే ముగిసింది. ఆ పెట్టెలో ఉన్న వస్తువు సంచిలోకి వచ్చిన శబ్దం వినబడింది కూడా.

ఐదింటికి నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. తగ్గించిన ఒక్కటీ 43 నుంచి 50 లెవెళ్ల మధ్య ఉన్న క్వెస్టుల కరువుకు, అక్కడ క్వెస్టు కోసం ఓడ దిగి జెప్పలిన్ అనే గాలి ఓడ ఎక్కి గడిపిన సాయంత్రాలకు. మొదటిసారి ఆడేవాళ్లు 20 దాకా క్వెస్టులే చేయండి, యాడ్‌ఆన్ లేకుండా చేయండి. ఆ తర్వాత మీ పాత్ర ఎంత వేగంగా చంపుతుందో చూసుకుని నడక తగ్గించుకుంటూ రండి. వారియర్లు మాత్రం తోడు దొరికితే తప్ప గ్రైండింగ్ జోలికి పోకపోవడమే మంచిది.

నా నాలుగో పాత్ర, మళ్లీ హార్డ్‌కోర్ సర్వర్‌లోనే, ఇప్పుడు 23వ లెవెల్‌లో ఉంది. క్వెస్ట్ లాగ్‌లో ఆ గుహ క్వెస్టు చేరి పది రోజులైంది. నేనింకా గుహ బయట ఉన్న జంతువులనే చంపుతున్నాను.